మిరుగు వాన దాకా

భవాని పేట, సోలాపూర్
12 ఏప్రిల్ 1938

మా గోదావరక్క పెనిమిటి, నాకు పెద్దదిక్కు అయిన అంబాదాస్ బావకు,

నీ బామ్మర్ది సిద్ధరాములు దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను, మంగళ, పిల్లలు కులాసా. దుబ్బాకలో మీరంతా బాగున్నారని తలుస్తాను. మీరు ఊరు చేరి మూడు వారాలైనా ఒక కార్డు ముక్క రాలేదని నేనంటే, "నువ్వు రాస్తే గద ఆయన రాసేది" అని మంగళ నా నోరు మూయించింది. అందుకని ఇవాళ మగ్గం ఆపి కూర్చున్నాను. గంజి కుంచె పట్టమంటే పొద్దంతా పడతాను గానీ కలం పట్టాలంటే నాకు వేళ్ళు వంగవు.

ముందు నీకు కావలసిన కబురు. మన మగ్గాల సేటు కోడె సర్జా బాగున్నాడు. హోలీ పోయిన నాలుగో రోజున, నువ్వు తుల్జాపూర్ మొక్కుకు పోయినప్పుడు, వాడు కొట్టంలో వడదెబ్బకు కూలిపోయాడు కదా. ఆ నీరసం పూర్తిగా పోయింది. చొప్ప ఇష్టంగా తింటున్నాడు. మూపురం మళ్ళీ నిండుతోంది. కొమ్ములు విసరడం మొదలుపెట్టాడు, నిన్న నా ధోతీ కొంగు చింపాడు. చింపినందుకు తిట్టలేదు, ఒంట్లో సత్తువ వచ్చిందని సంతోషపడ్డాను.

ఇంకో సంగతి నువ్వు ఎవరి నోటనైనా వినే ఉంటావు. నేనే చెప్పడం మర్యాద. నిన్ను పనిలోంచి పొమ్మన్న మరుసటి వారమే పురుషోత్తం సేటు కోడెను నాకు అప్పగించాడు. పొద్దున, సాయంత్రం కోడె పని, మధ్యలో మగ్గం. మగ్గం గుంటలో ఇరవై ఏళ్ళు కూర్చుని నీ మోకాళ్ళు పోయాక నీకు దొరికిన పని అది. మూడేళ్ళు దాన్ని నువ్వు ఎంత ఇష్టంగా చేశావో పేట పేటంతా చూసింది. అది నాకు వచ్చినందుకు నాకేం గర్వంగా లేదు. సేటు మాట కాదనలేక ఒప్పుకున్నాను.

వైశాఖంలో బార్శిలో పశువుల ప్రదర్శన పెడుతున్నారు. ఖిల్లారి కోడెలు చాలా వస్తాయట. సర్జాను నిలబెట్టి తీరాలని సేటు పట్టుబట్టాడు. ఎండ చూస్తే ఇప్పుడే నెత్తి మాడుతోంది. పేటలో మగ్గాలెన్నో వైద్యులూ అంతమంది. పక్కింటి యమునాబాయి మజ్జిగ తాపమంటుంది, ఆమె మొగుడు కొమ్ములకు ఉల్లిగడ్డలు కట్టమంటాడు. నాకు ఎవరి మాటా పట్టడం లేదు. వాడిని ఎప్పుడు కడగాలి, ఎక్కడ కట్టాలి, ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, నువ్వే రెండు ముక్కలు రాయి బావా. అడగడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

అక్కకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ బామ్మర్ది
సిద్ధరాములు


భవాని పేట, సోలాపూర్
27 ఏప్రిల్ 1938

అంబాదాస్ బావకు,

నీ ఉత్తరం అందింది. రెండు ముక్కలు అడిగితే రెండు పుటలు రాశావు. నువ్వు రాసినట్టే అన్నీ చేశాను. కొట్టం పైరేకుల మీద మూరెడు మందాన చొప్ప పరిచాను. మధ్యాహ్నం నీళ్ళు కొట్టం లోపల కాదు, ఆ చొప్ప మీద చల్లుతున్నాను. తూర్పు తలుపు, పడమటి తలుపు రెండూ తెరిచి వాడిని మధ్యలో గాలి పోయే దారిలో కట్టాను. పడమటి తలుపుకు తడి గోనె సగం దాకానే దించాను. వడగాలి దానికి తగిలి చల్లబడి కింద నుంచి దూరుతోంది. నేల మీద పొడి ఇసుక పోశాను, పేడ పడ్డది పడ్డట్టు తీస్తున్నాను. తొట్టి నీళ్ళు వేడెక్కుతాయని మట్టి కుండల నీళ్ళు నాలుగు పూటలా పెడుతున్నాను. మేత తెల్లవారకముందు ఒకసారి, పొద్దు గుంకాక ఒకసారి. వాడు రొప్పితే ముందు గిట్టలు, తర్వాత కాళ్ళు, తర్వాత పొట్ట తడపమన్నావు, నెత్తిన ఒక్కసారిగా పోయవద్దన్నావు. అదీ గుర్తు పెట్టుకున్నాను.

ఇంతవరకు చదివి నేను హాయిగానే ఉన్నాను. ఆ తర్వాత నువ్వు రాసిన మాట చదివాను. "పత్తిగింజలు మాత్రం పెట్టకు. ఆ రోజు పొద్దున నేను పెట్టిపోయిన పత్తిగింజల వేడికే వాడు పడిపోయాడు. నా చెయ్యి పశువుకు అచ్చిరాలేదు." దాని కింద అక్క తన గుండ్రని అక్షరాలతో రాసింది, నువ్వు ఇంటి పాడి ఆవును పొరుగువాళ్ళకు ఇచ్చేశావని, పాక వైపు చూడడమే మానేశావని, పొద్దంతా అరుగు మీద కూర్చుని కండెలు చుడుతున్నావని.

నాలుగు రోజులుగా ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇక దాచలేను.

బావా, పత్తిగింజలు కాదు. వాడిని పడగొట్టింది నేను.

ఆ రోజు నువ్వు బండెక్కే తొందరలో నాతో అన్నది ఒకటే. "ఎండ ఎక్కువుంది, జర సల్లగ ఉంచు." నేను సరేనన్నాను. చల్లగా ఉంచడమంటే పుట్టినప్పటి నుంచి నాకు తెలిసింది ఒకే పద్ధతి. ఎండాకాలం మగ్గాల ఇంట్లో మనం ఏం చేస్తాం? గాలి తగిలితే పడుగు ఎండి పోగులు పటపట తెగుతాయని కిటికీలు మూస్తాం. నేల తడుపుతాం, నాలుగు పక్కలా తడి గోనెలు వేలాడదీస్తాం. మనకు గాలి శత్రువు. నూలు చల్లగా ఉంటే అంతా చల్లగా ఉన్నట్టే. కొట్టంలోనూ నేను అదే చేశాను. నువ్వు తెరిచి పెట్టిపోయిన రెండు తలుపులూ మూశాను. పడమటి కిటికీలో గోనె కుక్కాను. ఆరు బిందెల నీళ్ళు నేల మీద కుమ్మరించాను. చెయ్యి పెట్టి చూస్తే నేల చల్లగా తగిలింది. మా బావ కూడా ఇంత చల్లగా ఉంచలేదు అనుకుంటూ పోయి మగ్గం ఎక్కాను. నూలు ఊపిరి పీల్చదని, నూలు ఒంట్లోంచి వేడి వదలదని, పశువు ఆ రెండూ చేస్తుందని నాకు తట్టలేదు.

మిట్టమధ్యాహ్నం నీళ్ళు పెడదామని పోయి తలుపు తీస్తే లోపలి నుంచి ఆవిరి నా మొహానికి కొట్టింది. రంగుల ఇంట్లో కాగు మరుగుతున్నప్పుడు వచ్చే ఆవిరి ఉంటుందే, అలాంటిది. సర్జా నాలుక బయట పెట్టి, మూతి నుంచి నురగ కారుతుండగా ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. నేను చూస్తుండగానే పక్కకు పడిపోయాడు. గోనెలు పీకేశాను, తలుపులు బార్లా తీశాను, అరుస్తూ నీళ్ళు పోశాను. జనం పరుగెత్తుకొచ్చేసరికి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.

సేటు వచ్చి, "కోడె తాన ఎవలున్నరు? అంబాదాస్ ఎటు పోయిండు?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు తడి గోనెను వెనక్కి దాచాయి. నోరు మాత్రం చక్కగా పనిచేసింది. "తుల్జాపూర్ పోయిండు సేట్. నేను మగ్గం మీదకెళ్ళి మూలుగు ఇని ఉరికొచ్చిన." నాకు అప్పజెప్పి పోయావన్న మాట మింగేశాను. ఎవరికీ చెప్పకుండా కోడెను గాలికి వదిలి పోయావని సేటు అనుకున్నాడు. అలా అనుకుంటున్నాడని నాకు తెలుసు. నేను దిద్దలేదు.

సాయంత్రం నువ్వు ప్రసాదం పొట్లంతో వచ్చి, ముందు నన్నే అడిగావు. "తలుపులు తెరిచే ఉంచినవా?" నీ కళ్ళల్లోకి చూసి ఉంచానన్నాను. నువ్వు నా మాట నమ్మి, తొట్టిలో మిగిలిన పత్తిగింజలు అరచేతిలో వేసుకుని వాసన చూశావు. మరునాడు సేటు పొమ్మంటే, "మా సిద్ధరాములుకు చెప్పి పోయిన" అని ఒక్క మాట అనగలిగేవాడివి. నా పేరు ఎత్తితే నా మగ్గం కూడా పోతుందని ఊరుకున్నావు. కోడెను కాపాడినవాడినని సేటు నన్ను మెచ్చుకుని నీ పని నాకిచ్చాడు. ఇదంతా మంగళకు నిన్ననే చెప్పాను. అప్పటి నుంచి అన్నం గిన్నె నా ముందు పెట్టి లోపలికి పోతోంది, వడ్డించడం లేదు.

నీ చెయ్యి మంచిదే బావా. మూడేళ్ళు వాడిని సాకిన చెయ్యి. పత్తిగింజలు అంతకుముందు వంద సార్లు పెట్టావు, ఏమీ కాలేదు. ఆవును తిరిగి తెచ్చుకో.

రేపే సేటు దగ్గరకు పోయి చెప్పేద్దామని ఉంది. నువ్వు ఊ అంటే చాలు. నా మగ్గం పోనీ, కోడె పోనీ. ఈ బరువు మోయలేకపోతున్నాను.

తప్పు చేసిన
సిద్ధరాములు


దుబ్బాక
4 మే 1938

సిద్ధరాములుకు, అంబాదాస్ రాసేది.

నీ ఉత్తరం ఆదివారం అందింది. ఒక్కణ్ణే కూర్చుని చదివాను. మళ్ళీ చదివాను. తర్వాత మీ అక్కకు చదివి వినిపించాను. ఆమె "నా తమ్ముడేనా?" అని మాత్రం అంది.

నాకు కోపం లేదని నువ్వు అనుకోవద్దు. చాలా ఉంది. తలుపులు మూసినందుకు కాదు. సాలెవాడివి, నూలు సంగతి తెలిసినవాడివి, మూశావు. ఆ తొందరలో నీకు వివరంగా చెప్పకపోవడం నా తప్పు కూడా. సాయంత్రం నేను అడిగినప్పుడు నా మొహం చూసి అబద్ధం చెప్పావు, దానికి కోపం. నలభై రోజులు నేను నా చేతులను చూసుకుని అసహ్యించుకున్నాను. ఇంట్లో చిన్నపిల్లకు పాలు లేకుండా చేశాను. గంగిరెద్దు వాకిట్లోకి వస్తే లోపలికి పోయి తలుపేసుకున్నాను. అది నీకు తెలియాలి.

ఉత్తరం చదివిన సాయంత్రం పొరుగింటికి పోయి మా ఆవు గంగడోలు నిమిరాను. అది నా చెయ్యి నాకింది. వాళ్ళకు ఇచ్చిన ఆవును తిరిగి అడగడం మర్యాద కాదు. కానీ రోజూ పోయి దాని పాక సర్దుతున్నాను. వాళ్ళు కూడా తలుపు మూసే పెట్టారు. సాలెవాళ్ళే మరి.

ఇక నువ్వు అడిగినదానికి. సేటుకు చెప్పకు.

నా మీద జాలితో అంటున్నానని అనుకోకు, నీ మీద జాలితో అసలే కాదు. సేటు సంగతి నాకు తెలుసు. నువ్వు చెప్పిన గంటలో నిన్ను తరిమేస్తాడు. నన్ను గడప తొక్కవద్దన్న నోటితో వెంటనే రమ్మని పిలవడానికి ఆయనకు మొహం చెల్లదు, నెల పడుతుంది. ఆ నెలరోజులు సర్జాను ఎవడు చూస్తాడు? రోజుకొక కూలివాడు. ఖిల్లారి జాతి ఒక్క చేతికే అలవాటు పడుతుంది. ఒకసారి వడదెబ్బ తిన్న పశువు, నేను పోయాక నీకు అలవాటు పడడానికే ఎంత బెదిరిందో నువ్వు చూసే ఉంటావు. ముందు రోహిణి కార్తె ఉంది. రోళ్ళు పగిలే ఎండలో ఇంకోసారి చెయ్యి మారితే మేత మానేస్తాడు. ఈసారి పడితే లేవడు.

కాబట్టి మృగశిర కార్తె వచ్చి మిరుగు వాన పడేదాకా నోరు మూసుకుని వాడిని చూడు. సేటు మెచ్చుకుంటే మెచ్చుకోనీ, పేటలో జనం పొగిడితే పొగడనీ. నీకు కష్టంగా ఉంటుంది. ఉండనీ. నీ మనసు చల్లబడాలని ఎద్దును ఎండలో పెట్టకు. నేల తడిసి, మబ్బు పట్టాక పోయి చెప్పు. అప్పుడు నిన్ను తరిమినా వాడికి ఏమీ కాదు.

బార్శికి రైలు పెట్టెలో ఎక్కించవద్దు, అది ఇనుప పొయ్యి. నడిపించు. తెల్లవారుజామున బయలుదేరి పొద్దెక్కేలోపు ఎక్కడైనా తోపు నీడకు చేర్చు. నాలుగు రోజులు పడుతుంది, పట్టనీ. ప్రదర్శనలో సేటు వాడి ఒంటికి నూనె రాయమంటాడు, నిగనిగలాడాలని. రాయవద్దు, నూనె ఎండను పట్టుకుంటుంది. వీపు మీద వేసే మఖమలు గుడ్డ, ఆ జూలు, పిలుపు వచ్చేదాకా కప్పవద్దు. సేటుతో పోట్లాడవలసి వస్తే పోట్లాడు. ఒకసారి భయపడ్డావు, చాలు.

అంబాదాస్


భవాని పేట, సోలాపూర్
13 జూన్ 1938

అంబాదాస్ బావకు,

సిద్ధరాములు దండాలు. దండం తీసుకుంటావో లేదో నీ ఇష్టం.

నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. నలభై రోజులు. ఇంతకంటే సేటు చెప్పుతో కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

బార్శికి నాలుగు రోజులు నడిపించాను. ప్రదర్శన రోజు తొమ్మిది గంటలకే నేల కాలుతోంది. మిగతా కోడెలన్నీ వరుసగా ఎండలో, జూలు కప్పుకుని, నూనె కారుతూ నిలబడ్డాయి. నేను సర్జాను ఎవరూ లేని చోట, వేపచెట్టు నీడలో, గాలికి అడ్డం లేకుండా కట్టి గిట్టలు తడుపుతూ కూర్చున్నాను. సేటు నూనె గిన్నె, జూలు పట్టుకుని వచ్చాడు.

"ఏంరా, పెళ్ళికొడుకును గిట్ల బోడిగ నిలబెడ్తవా? కప్పు."

"పిలిచినంక కప్పుత సేట్."

"అరే, మాలక్ నువ్వా నేనా?"

"కోడె మీదే. కానీ ఇప్పుడు నా చేతుల ఉన్నది. నూనె రాయనియ్య."

నా జన్మలో సేటుతో అలా మాట్లాడలేదు. ఆయన గిన్నె కింద పెట్టి పోయాడు. పదకొండింటికి పెద్దలు చూడవచ్చేసరికి మిగతా కోడెలు తలలు వేలాడేసి రొప్పుతున్నాయి. సర్జా తల ఎత్తి, చెవులు నిక్కబొడిచి, నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు. రెండో బహుమానం వచ్చింది. మొదటిది సాంగోలా వాళ్ళ కోడెకు పోయింది, దాని కొమ్ములు నిజంగానే బాగున్నాయి. సేటు అందరి ముందు గులాబీ రంగు పటకా నా తలకు చుట్టి, "నా కోడెను సావు నుంచి కాపాడినోడు ఈయనే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నానని సేటు నా వీపు తట్టాడు. నువ్వు వేసిన శిక్ష ఎంత పెద్దదో నాకు ఆ రోజు తెలిసింది బావా.

శనివారం సాయంత్రం మిరుగు వాన పడింది. రెండు గంటలు కొట్టింది. సర్జాను బయటకు విడిస్తే వానలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆదివారం పొద్దున్నే పటకా చంకలో పెట్టుకుని సేటు ఇంటికి పోయాను. మగ్గాలవాళ్ళు నలుగురిని వెంట తీసుకుపోయాను, తర్వాత మాట మార్చకుండా. తలుపులు మూసిన దగ్గర నుంచి నీకు అబద్ధం చెప్పినదాకా అంతా చెప్పాను.

సేటు నన్ను తిట్టలేదు. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"ముందే చెప్పబోయిన. మా బావ వద్దన్నడు."

"నిన్ను కాపాడనీకెనా?"

"నన్ను కాదు సేట్, కోడెను. ఎండలు పోయేదాక చెయ్యి మారద్దు అన్నడు. నూనె, జూలు వద్దన్నది గూడ ఆయనే. ఉత్తరాలు రాసిండు."

నీ రెండు ఉత్తరాలూ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తగిలించుకుని కొట్టంలోకి పోయి కూర్చుని చదివాడు. మేము వాకిట్లో నిలబడ్డాం. చాలాసేపటికి బయటకొచ్చి, "నేను పొమ్మన్నంక గూడ గీ మనిషి నా కోడెను కాసిండు. నేనేమో ఏంది జరిగిందని ఒక్క మాట అడగలే" అన్నాడు. ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను చూసి, "నువ్వు మగ్గానికి పో. కోడె తాన కనబడకు" అన్నాడు. న్యాయమే. నిన్నటి నుంచి మగ్గం గుంటలోనే ఉన్నాను.

గురువారం బండికి సేటే దుబ్బాకకు బయలుదేరుతున్నాడు. ఎవరినైనా పంపిస్తానంటే తానే పోవాలన్నాడు. పటకా నా దగ్గర తీసుకున్నాడు, నీకు చుడతాడట. చుట్టించుకుంటావో, ముఖాన విసిరికొడతావో నీ చిత్తం. విసిరినా ఆయన ఏమీ అనుకోడని నాకు అనిపిస్తోంది.

ఆయన వెంట నేను రావడం లేదు. నీకు, అక్కకు మొహం చూపించే ధైర్యం నాకు ఇంకా రాలేదు. నువ్వు నన్ను క్షమించమని కూడా రాయడం లేదు, అడిగే హక్కు లేదు. మంగళ నిన్న రాత్రి నాకు అన్నం వడ్డించింది. నా మొహం చూడకుండానే వడ్డించింది. అది చాలనుకుని తిన్నాను.

రెండు రోజులుగా సర్జాను ఎవరో కూలి మనిషి చూస్తున్నాడు. దూరం నుంచి చూశాను, సర్జా కట్టుకొయ్య చుట్టూ తిరుగుతూ ప్రతి మనిషి అడుగుల చప్పుడుకూ తల ఎత్తి చూస్తున్నాడు. అది నా కోసం కాదు. మూడేళ్ళు వాడు విన్నది నీ కుంటి నడక. నాతో మాట్లాడకపోయినా సరే, నా ఇంటి గడప తొక్కకపోయినా సరే. వాడి కోసం రా బావా.

నీ బామ్మర్దినని రాసుకోవడానికి నీ సెలవు అడుగుతూ,
సిద్ధరాములు